పాముపిల్లకు పథ్యము

పాము అను మాట చెవిని పడినంతనే పీటమీద కూర్చున్నవారముకూడ కాళ్లు పైకి ముడుచుకొందుము. ఇందులో సిగ్గుపడవలసిన దేమియు లేదు. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటు వలన పండ్రెండు లక్షలమంది మరణించి యుందురని, అనగా ఏటికి సగటున 58,000 మంది యని, పరిశోధకులు 2020లో లెక్కగట్టిరి. వారిలో పల్లెటూరివారే యెక్కువ. గడ్డివాములో చేయి పెట్టువారికిని, చీకటివేళ పెరటిలోనికి పోవువారికిని ఈ భయము పెద్దలిచ్చిన యాస్తి. నెల్లూరి సమీపమున మా పుట్టినింట పశువులకొట్టములో తాచు కనబడిన రాత్రి, మేము వంటయింటి గడప దాటక తెల్లవాఱులు ఏడ్చిన సంగతిని మా అన్నలు నేటికిని జ్ఞప్తి చేయుచుందురు.

కావున 2024వ సంవత్సరము వేసవి చివర, అమెరికాదేశమున మిచిగన్ రాష్ట్రములో డెట్రాయిట్ నగరసమీపమున నున్న మా అమ్మాయి యింట, తొమ్మిదేండ్ల మనుమడు ప్లాస్టిక్ డబ్బా నొకదానిని గుండెకు హత్తుకొని వచ్చి, "అమ్మమ్మా, పాముపిల్ల! మనమే పెంచుకుందాం" అనినప్పుడు మే మిచ్చిన ప్రత్యుత్తరమును పాఠకురాండ్రు ఊహించుకొనవచ్చును. "ఈ యింట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అంటిమి. మా అల్లుడు మెల్లగా, "అత్తయ్యగారూ, మీ తిరుగు టిక్కెట్టు ఫిబ్రవరికి గదా" అనెను. పాముపిల్ల నిలిచినది. మేమును నిలిచితిమి.

దాని జాతిపేరు గార్టరు పాము. పూర్వము పాశ్చాత్యులు మేజోళ్లు జాఱకుండ కాలికి కట్టుకొను పట్టీకి గార్టరని పేరు. ఈ పాము వీపుమీద నొకటియు, ప్రక్కల రెండును పసుపుపచ్చని గీత లుండుటచే ఆ పట్టీ పేరే దీనికి వచ్చినది. ఇండ్ల తోటలలో తఱచుగా తిరుగుటచే కొందరు తోటపాము అనియు పిలుతురు. కెనడా మొదలు దక్షిణమున మెక్సికో అఖాతపు తీరము వఱకు ఇది వ్యాపించి యున్నది. మాసచూసెట్సువారు 2007లో దీనిని తమ రాష్ట్రపు సరీసృపముగను, వర్జీనియావారు 2016లో తమ రాష్ట్రపు సర్పముగను గౌరవించిరి. కెనడాలోని మానిటోబా రాష్ట్రమున నార్సిస్ అను చోట సున్నపురాతి బొరియలలో నివి పదులవేలుగా శీతకాలమంతయు నిద్రించి, ఏప్రిలు, మే నెలలలో ఒక్కుమ్మడిగ వెలికి వచ్చుననియు, ఆ వింత చూచుటకు జనులు పిల్లలను వెంటబెట్టుకొని పోవుదురనియు మనుమడు మాకు చిత్రములు చూపెను. అన్నము తినుచున్న సమయమున చూపుట మాత్రము బాగుగ లేదు.

ఈ పాము గ్రుడ్లు పెట్టదు. వేసవి చివర పిల్లలనే కనును. ఒక్క కాన్పులో పదిమొదలు నలుబది వఱకు పిల్లలు పుట్టుట సాధారణము. కన్నతల్లి వానివంక తిరిగి చూడదు. పుట్టిన గడియనుండి వాని తిండి అవియే వెదకుకొనవలెను. మొదటి శీతకాలము దాటకుండ పోవునవే యెక్కువ. దీని లాలాజలములో స్వల్పముగ విషలక్షణ మున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు గాని, చిన్న కప్పలకు, చేపలకు తప్ప మనుష్యుల కది బాధకము గాదు. బెదరినప్పుడు కాటుకంటెను ముందుగ దుర్వాసనగల ద్రవము నొకదానిని విడుచును. ఆ వాసన మొదటి వారమంతయు మా మనుమని చొక్కాలను వదలలేదు.

మా యింటికి వచ్చినది అడవినుండి పట్టితెచ్చినది కాదు. ఆ వీథిలోనే యున్న యొక ఉపాధ్యాయురాలు పెంచుకొను గార్టరు పాము కనిన పిల్లలలో నొకటి. పొడవు జానెడునకు తక్కువ. బరువు రెండు గ్రాములు మాత్రము. చీరకుచ్చునుండి ఊడిపడిన దారపుపోగువలె నుండెను. దానికి మనుమడు పెట్టిన పేరు వాసుకి! మందరపర్వతమును చుట్టిన మహాసర్పము పేరు ఆ దారపుపోగునకు పెట్టుట మాకు నవ్వు తెప్పించెను. ఆ నవ్వుతోనే మా భయములో సగము పోయినదని యిప్పుడు తోచుచున్నది.

మిగిలిన సగము పోయిన విధ మిది. పిల్లపాములకు పెద్ద గాజుతొట్టి కూడదు. అంత చోటులో అవి దిక్కు తెలియక తిండి మానును. కావున చెప్పులపెట్టె పరిమాణముగల ప్లాస్టిక్ డబ్బాకు సన్నని బెజ్జములు వేసి, అడుగున కాగితములు పఱచి, దాగుకొనుటకు రెండు చిన్న గుల్లలును, త్రాగుటకు బరువైన గిన్నెలో నీరును ఉంచిరి. ఒకవైపు అడుగున సన్నని వేడిపలక. అచ్చట 29, 30 డిగ్రీల వెచ్చదనము. రెండవవైపు 22 డిగ్రీలు. పాము తన యొంటిలో వేడిని పుట్టించుకొనలేదు గనుక, తిన్నది అఱుగుటకు వెచ్చని చోటునకును, తనివితీరినపిదప చల్లని చోటునకును అదియే నడచిపోవలెను. అడుగున తేమ నిలిచినచో పొట్టమీద పొక్కులు లేచును. దేవదారుపొట్టు సువాసనగ నుండును గాని, అందలి నూనె పాములకు విషము. ఇవన్నియు చక్కగ జరిగెను గాని, మూడవనాడు మూత కొక్కెము వేయుట మఱచిరి.

గార్టరు పాముకు తల దూఱినచో ఒడలంతయు దూఱును. ఆ రాత్రి యిల్లంతయు గాలించిరి. తెల్లవాఱి మేము కప్పుకొను శాలువా తీయబోవగా మడతలో చల్లగ నేదియో కదలెను. కేక వేయుటకు నోరు తెఱచితిమి. కాని అది పాఱిపోలేదు. మా చేతివేడికి మణికట్టు చుట్టు మెల్లగ చుట్టుకొని, నాలుక ఆడించుచు ఊరకుండెను. వేసిన కేక లేదు; పిలిచిన పిలుపు, "నాయనా, ఇటు రా, నీ వాసుకి దొరికింది" అని.

అయినను ఒక విషయమున మేము కఠినముగనే యుంటిమి. పాములు, తాబేళ్లు మొదలగువాని దేహముమీద సాల్మొనెల్లా అను సూక్ష్మక్రిమి యుండవచ్చును. వానికి హాని లేదు గాని మనకు విరేచనములు, జ్వరము కలుగును. పసిపిల్లలకు ప్రాణాపాయముకూడ. అందుచేతనే అయిదేండ్లలోపు బిడ్డలున్న యిండ్లలో సరీసృపములను ఉంచవలదని అమెరికాలోని ఆరోగ్యశాఖవారే చెప్పుచున్నారు. పామును తాకినవెంటనే సబ్బుతో చేతులు కడుగవలెను. దాని గిన్నె వంటయింటి తొట్టిలో కడుగరాదు. దానికై వాడు పట్టకారు, కత్తెర వేఱుగ నుండవలెను. ఇదంతయు మా అమ్మాయి పుస్తకము చూచి చదువుచుండగా మాకు నవ్వు వచ్చెను. అమ్మాయి చిన్ననాడు మా అత్తగారి మడిని చూచి ఎంత విసుగుకొనెడిదో! ఆ యింట పాముపేర మడి మరల ప్రవేశించినది.

ఇక తిండి. అసలు కష్టమంతయు ఇచ్చటనే. అడవిలో ఈ పిల్లలు వానపాములను, జలగలను, చిన్న కప్పలను, చేపపిల్లలను తినును. మొదటి దినములలో ఉపాధ్యాయురా లిచ్చిన వానపాములను చిన్నముక్కలుగ కోసి వారమునకు రెండు పర్యాయములు పెట్టిరి. పాముకు వానపా మాహారమగుట తెలుగుమాటలో వినుటకు వింతగ నున్నది గాని తినుటకు దానికి వింతలేదు. అవి అయిపోయినవి. మా అమ్మాయివారి పచ్చికకు కలుపుమందు చల్లియుండుటచే అచ్చటి వానపాములు పనికిరావు. పెంపుడు జంతువుల సరకు లమ్ము దుకాణములో నడుగగా, అచ్చటి కుఱ్ఱవాడు చిన్న బంగారుచేపలను చూపి, "ఇవే అందరూ కొనేది, చవక" అని చెప్పెను. వాసుకి వానిని ఆబగా తినెను. ఒడలు నిండెను. రెండు పర్యాయములు కుబుసము విడిచెను. కుబుసమునకు ముందు కన్నులు పాలనీలముగ మసకబాఱుట, తిండి మానుట, పిమ్మట రాతికి మూతి రాచుకొని మేజోడు తీసినట్లు చర్మమును తలక్రిందుగ విడుచుట మేము ప్రక్కన కూర్చుండి చూచితిమి. రెండు నెల లిట్లు గడచినవి. తినుచున్నది గదా యని అందఱము సంతోషించితిమి.

కార్తికమాసము వచ్చెను. నాగులచవితినాడు ఆ దేశమున పుట్ట యెక్కడిది? వెండి నాగప్రతిమను పీటమీద నుంచి, చలిమిడి, చిమ్మిలి, వడపప్పు నివేదించి, పాలు పోసితిమి. మనుమడు కొంచెము పాలు చిన్న మూతలో పోసికొని వాసుకికి పెట్టుటకు లేచెను. పాము పాలు త్రాగునది కాదనియు, దానికి నీరే చాలుననియు వాడే మాకు చెప్పియుండెను. పండుగ గనుక ఊరక చూపి వత్తుననెను. వెళ్లినవాడు వెంటనే పిలిచెను. ఆ పిలుపులో తేడా తెలిసినది.

వాసుకి వెల్లకిల పడియుండెను. తల వణకుచుండెను. వాడు మెల్లగ త్రిప్పి పడుకొనబెట్టగా, తాడు మెలివేసినట్లు ఒడలు మెలిదిరిగి మరల వెల్లకిల బడెను. నోరు కొంచెము తెఱచియుండెను. వాడు మావంక చూచి, "నేనేం చేశాను అమ్మమ్మా?" అనెను. మేము ఉపవాస ముంటిమి. చేతిలో అక్షతలింకను ఉండెను. నాగపూజ ముగియక మునుపే ఇంటిలోని పాముపిల్ల చచ్చునేమోయని మనసు క్షోభించినది. పాములను చూచి భయపడితిమి గాని, పాముకొఱకు భయపడుట మాకదియే మొదలు.

అల్లుడు నలువది మైళ్ల దూరముననున్న యొక పశువైద్యురాలికడకు బండిలో తీసికొనిపోయెను. పాములకు, పక్షులకు వైద్యముచేయుటలో ఆమె నేర్పరి. మేమును వెంట పోయితిమి. డబ్బా మా యొడిలోనే యుండెను. ఆమె పామును తాకకమునుపే ఒక ప్రశ్న వేసెను: ఏమి పెట్టుచున్నారు? బంగారుచేపలని మనుమడు చెప్పగా తల పంకించెను. ఆ చేపల పచ్చిమాంసములో థయమినేజు అను పదార్థ మున్నదట. అది థయమిన్ అను బి1 విటమినును నాశనముచేయును. నరములును మెదడును పనిచేయుటకు ఆ విటమిను ఆవశ్యకము. చేపలను మంచులో నిలువచేసినను ఆ పదార్థము చావదు, ఉడికించినగాని పోదు. కడుపు నిండుచుండును, ఒడలు పెరుగుచుండును, లోపల నరములు ఎండుచుండును. ఆమె సన్నని సూదితో బి1 మందు ఎక్కించి, "నాలుగు రోజులు చూద్దాం" అని పంపెను.

బి1 అను పేరు వినగనే మాకు మఱియొకటి జ్ఞప్తికి వచ్చెను. మా అత్తవారి పూర్వులు శ్రీకాకుళ ప్రాంతమువారు. అచ్చటి బాలింతలకు కాళ్లు పొంగి తిమ్మిరులెక్కుటయు, చంటిబిడ్డలు చనుబాలు త్రాగుచునే రెండుమూడు నెలలకు హఠాత్తుగ పోవుటయు తమ తల్లి చెప్పగా విన్నట్లు మా అత్తగారు చెప్పెడివారు. అది బెరిబెరి. మరబియ్యము వచ్చి దంపుడుబియ్యము మూలబడిన కాలమున, ఉత్తర సర్కారు జిల్లాలలో ఆ వ్యాధి ప్రబలెను. గింజమీది తవుడుతో బి1 పోవును. మిగిలినది కడుగుడునీళ్లతోను, వార్చిన గంజితోను పోవును. ఉప్పుడుబియ్యము తినువారికి ఆ బాధ తక్కువ. వడ్లను ఉడుకబెట్టునప్పుడే విటమిను గింజలోనికి ఇంకును. ఆ తల్లులును బిడ్డలకు కడుపునిండ పాలిచ్చినవారే. ఇచ్చుచున్నదానిలో ఏమి లేదో వారికి తెలియదు. మా మనుమని తప్పుకూడ ఆ పాటిదే యని వానికి చెప్పి, ఒడిలోనికి తీసికొంటిమి.

ఆ రాత్రి వానికి నిద్ర పట్టలేదు; మాకును పట్టలేదు. ఇరువురమును వాని యంత్రము ముందు కూర్చుంటిమి. వాడు చదువుచు మాకు తెలుగున చెప్పుచుండెను. జావాద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు తెల్లని బియ్యము తిన్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలుటయు, తవుడుతోడి బియ్యము పెట్టగా లేచి నడచుటయు కనిపెట్టెనట. అందుకై 1929లో నోబెలు బహుమానము పొందినవారిలో నతడొకడు. ఆ విటమిను నిర్మాణమును తెలిసికొని, దానిని 1936లో ప్రయోగశాలలో తయారుచేసినవాడు రాబర్టు విలియమ్సు అను అమెరికాదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు. అతడు ఫిలిప్పైను దీవులలో మనీలా నగరమున ఉద్యోగమున నుండగా, బెరిబెరి శిశువులకు తవుడునుండి తీసిన సారముతో చేయు చికిత్సలో పాల్గొని, నాటినుండి పాతికసంవత్సరములు ఆ యొక్క పదార్థమును వెదకెను. "పుట్టింది 1886" అని చదివి మనుమడు ఆగెను. "అమ్మమ్మా, నెల్లూరంటే మన నెల్లూరేనా?" అనెను. మన నెల్లూరే. క్రైస్తవ మతప్రచారకులైన తల్లిదండ్రులకు అతడచ్చటనే జన్మించెను. మే మఱువదియేండ్లు ఆ నీళ్లు త్రాగితిమి గాని ఆ పేరు వినియెఱుగము.

మూడవనాడు వాసుకి తల నిలిపెను. అయిదవనాడు బోర్లపడి తనంతట తాను గుల్లలోనికి ప్రాకెను. తొమ్మిదవనాడు, వైద్యురాలు చెప్పినట్లు చిన్నముక్క చేసిన ట్రౌటుచేపకు బి1 పొడి యద్ది పెట్టగా, వాసనచూచి, ప్రక్కకు తిరిగి, మరల వచ్చి అందుకొనెను. మనుమడు ఎగిరి గంతువేయబోగా మేము భుజము పట్టి ఆపితిమి. తినుచున్న పామును బెదరించినచో కక్కివేయును.

అప్పటినుండి దాని పథ్య మిట్లున్నది: ట్రౌటు, సాల్మను, తిలాపియా చేపలలో నేదైన ముల్లు లేకుండ, మందులు సోకని పెద్ద వానపాములు, సున్నపుపొడి అప్పుడప్పుడు అద్ది. పేడకుప్పలలో పెరుగు చిన్న ఎఱ్ఱని వానపాము జాతి దీనికి పడదు. దాని పసుపుపచ్చని రసము హానికరము. పెరిగినకొలది చిన్న ఎలుకపిల్లలకు అలవాటు చేయుట మేలని వైద్యురాలి మాట. ఎముకలు, కాలేయముతో కూడిన ఆహారములో లోపములు తక్కువ. ఆ భాగము చూచుటకు మేము ఆ గదిలోనుండ నొప్పుకొనలేదు.

ఆ దేశమందున్న మన సోదరీమణులు కొందఱు పిల్లల కోరికమీద ఇట్టి పెంపకమునకు పూనుకొనవచ్చును. వారికొక మాట. రాష్ట్రమునకొక చట్ట మున్నది. జార్జియాలో స్వదేశపు విషరహిత సర్పములను పట్టుటయు, ఉంచుకొనుటయు నిషిద్ధము. అటవీ జంతువులశాఖవారిని విచారింపక పిల్లలను తోటలోనికి పంపవలదు. ఒకసారి ఇంటిలో పెంచినదానిని విసుగు పుట్టినదని తిరిగి పొదలలో వదలుటయు దోషమే. అది తెచ్చు రోగములు అచ్చటి పాములకు సోకును. సరిగ చూచుకొన్నచో పదేండ్లు జీవించు ప్రాణి యది. తొమ్మిదేండ్ల పిల్లవాడు కాలేజీకి పోవు వేళకును అది యింటనే యుండును. అప్పుడు చేపముక్కలు కోయువారు ఎవరో తల్లులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

అది మనలను ఎఱుగునా యని మమ్ములను పలువు రడిగిరి. కెనడాలో ఇరువురు పరిశోధకులు నలుబది గార్టరు పాముపిల్లలను గుంపులుగ నుంచి పరీక్షించి, అవి ఎవరితోనైన కాక, తమకు నచ్చిన తోడి పాములకడనే చేరుచున్నవని 2020లో ప్రకటించిరి. మనుష్యులనుగూర్చి వారేమియు చెప్పలేదు. మా శాలువా మడతను అది యెన్నుకొన్నది మాకొఱకు గాక వెచ్చదనమునకే యని అల్లుని వాదము. మేము వాదింపలేదు.

ఫిబ్రవరిలో నెల్లూరు తిరిగివచ్చితిమి. వాసుకి జబ్బు తేఱినపిదప విడిచిన మొదటి కుబుసము, కంటిపొరలతోకూడ చిరుగక వచ్చినది, మా పంచాంగములో నున్నది. వారమున కొకసారి మనుమడు దూరదర్శినిలో దానిని చూపుచున్నాడు; పదునొకండంగుళములైనదట. మొన్న వాడు, మనయూరిలో దానికి చుట్టము లున్నవా యని యడిగెను. ఉన్నవి. మా పొలము కాలువలో గళ్లుగళ్ల మచ్చలతో నీదు నీళ్లపాము ఆ కుటుంబమునకు చెందినదే. ఇది గ్రుడ్లు పెట్టును, కోపమెక్కువ, కఱచునుగాని విషము లేదు. పట్టుకొని పెంచుమనెను. మన దేశమున 1972 నాటి చట్టము ప్రకారము దానిని పట్టుట నేరమని చెప్పితిమి. "అయితే పేరైనా పెట్టు అమ్మమ్మా" అనెను.

ఉదయము గట్టుమీద నిలిచి చూచుచున్నాము. తూముదగ్గఱ కనబడుచున్నవి రెండు. ఏది యేదో ఇంకను గుర్తు తెలియుట లేదు.